పక్క దేశం రైలు హైజాక్ అయితే మనకు పండగా?

పాకిస్తాన్‌లో క్వెట్టా నుంచి పెషావర్ వెళ్లే జాఫర్ ఎక్స్‌ప్రెస్ రెండు వారాలకు పైగా ఆగిపోయి 2025 మార్చి చివర్లో మళ్లీ పట్టాలెక్కింది. అంతకు ముందు, మార్చి 11న, బలోచిస్తాన్ రాష్ట్రంలోని బోలాన్ కనుమలో ఏం జరిగిందో అందరూ చూశారు, చదివారు. బలోచిస్తాన్‌ను పాకిస్తాన్ నుంచి విడదీయాలనే సాయుధ ముఠా బలోచ్ లిబరేషన్ ఆర్మీ (బీఎల్ఏ) పట్టాలు పేల్చేసి, సొరంగం దగ్గర రైలు ఆపి, 400 మంది దాకా జనాన్ని బందీలుగా పట్టుకుంది. మర్నాడు సాయంత్రానికి సైన్యం ఆపరేషన్ ముగిసింది. దాడి చేసినవాళ్లు 33 మంది హతమయ్యారని, ప్రయాణికులు, భద్రతా సిబ్బంది కలిపి 31 మంది ప్రాణాలు కోల్పోయారని పాకిస్తాన్ సైన్యం లెక్క చెప్పింది. దాడి ఘోరం, అందులో రెండో మాట లేదు. అయితే ఇవాళ మా చేత ఇది రాయిస్తున్నది ఆ ఒకటిన్నర రోజు మన టీవీల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన సంబరం.

శాస్తి జరిగిందన్నారు. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అన్నారు. దాడి చేసినవాళ్లను యోధులన్నారు. తెలుగు యూట్యూబ్ చానళ్లూ వెనకబడలేదు, మ్యాచ్ గెలిచినప్పుడు వేసే సంగీతం వెనక పెట్టి మరీ వీడియోలు వదిలాయి.

ఆ రైల్లో ఉన్నదెవరు? అది రంజాన్ నెల. ఉపవాసాల్లో ఉన్న కుటుంబాలు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్లకు బయల్దేరిన తల్లులు, సెలవు మీద ఇంటికి పోతున్న జవాన్లు, రైల్వే ఉద్యోగులు. బయటపడ్డవాళ్లు చెప్పిన మాటలు వింటే ఒళ్లు జలదరిస్తుంది. గుర్తింపు కార్డులు అడిగి తీసుకున్నారు. ఏ ఊరు, ఏ ప్రాంతం అని చూసి మనుషుల్ని వేరు చేసి కూర్చోబెట్టారు. ఆడవాళ్లను, ముసలివాళ్లను, పిల్లల్ని కొందరిని వదిలేస్తే, వాళ్లు ఆ కొండల్లో గంటల తరబడి నడిచి పనీర్ స్టేషన్ చేరారు. మిగిలినవాళ్ల పక్కన నడుముకు పేలుడు పదార్థాలు కట్టుకున్నవాళ్లు కూర్చున్నారు. ఆ కనుమలో ఫోన్ సిగ్నల్ ఉండదు. లోపలున్నవాళ్లు బతికున్నారో లేదో క్వెట్టా స్టేషన్‌లో ఎదురుచూస్తున్న ఇంటివాళ్లకు తెలియదు, ఆ స్టేషన్‌లోనే ఖాళీ శవపేటికలు రైల్లోకి ఎక్కిస్తుంటే వాళ్లు కళ్లారా చూశారు. ఇందులో మనం చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం ఏది?

కార్డు చూసి చంపడం అక్కడ కొత్త కూడా కాదు. 2024 ఆగస్టులో బలోచిస్తాన్‌లోనే ముసాఖేల్ దగ్గర బస్సులు, లారీలు ఆపి, కార్డులు చూసి, పంజాబ్ వాళ్లని తేలినవాళ్లను కిందికి దించి 20 మందికి పైగా కాల్చేశారు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు, డ్రైవర్లు వాళ్లు. ఏ సైన్యంలోనూ లేరు, ఏ గనినీ కొల్లగొట్టలేదు.

బలోచ్‌ల గోడు నిజమైనదేనని అంటారు. నిజమే. పాకిస్తాన్ విస్తీర్ణంలో 44 శాతం బలోచిస్తాన్ ఒక్క రాష్ట్రానిదే, అక్కడి సూయిలో గ్యాస్ బయటపడింది 1952లో, అయినా ఆ గడ్డ మీద పుట్టినవాళ్లకు దక్కిందేమీ లేదు. రాత్రికి రాత్రి మాయమైన కొడుకుల ఫొటోలు పట్టుకుని తల్లులు ఏళ్ల తరబడి క్వెట్టా ప్రెస్ క్లబ్ ముందు టెంటులో కూర్చుంటున్నారు. మన మీదికి ఉగ్రవాదుల్ని పంపిన దేశం మీద జాలేమిటని కూడా అంటారు. ఆ కోపం మాకూ ఉంది. కానీ ఆ లెక్కలు తేల్చుకోవాల్సింది రావల్పిండిలో నిర్ణయాలు తీసుకునే జనరల్స్‌తో. స్లీపర్ బోగీలో పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషితో కాదు.

మా ప్రశ్న ఒక్కటే. మన విమానమైతే ఉగ్రవాదం, వాళ్ల రైలైతే పోరాటమా?

1999 డిసెంబరులో కాందహార్‌లో హైజాకైన మన విమానం ఆగి ఉన్న రోజులు ఈ దేశం మర్చిపోలేదు. కొత్తగా పెళ్లయిన కుర్రాణ్ని కత్తులతో పొడిచి చంపారు. మావాళ్లను జైలు నుంచి వదలండి, లేదంటే మీవాళ్లను చంపుతాం అన్నారు. వదిలాం, వాళ్లలో ఒకడైన మసూద్ అజర్ బయటికొచ్చి జైషే మహ్మద్ పెట్టాడు, ఆ తర్వాత మనం ఎంత రక్తం కళ్లజూశామో చెప్పక్కర్లేదు. ఇప్పుడు బోలాన్‌లో వినిపించిన డిమాండ్ ఏమిటి? 48 గంటల్లో మావాళ్లను వదలండి, లేదంటే బందీలను చంపుతాం. అక్షరం తేడా లేదు. అప్పుడు గుండెలు బాదుకున్నవాళ్లు ఇప్పుడు ఈలలు వేస్తే, రేపు ఇంకొకడు మన రైలు ఆపినప్పుడు ప్రపంచం ముందు ఏ మొహంతో మాట్లాడతారు?

రైలు ఆపడం మనకు తెలియనిదా? 2009లో జైల్లో ఉన్న, మావోయిస్టుల మద్దతున్న ఆదివాసీ ఉద్యమ నేత ఛత్రధర్ మహతోను వదలాలంటూ పశ్చిమ బెంగాల్ అడవుల్లో రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను గంటల పాటు ఆపేస్తే దేశం మొత్తం టెన్షన్‌తో టీవీల ముందు కూర్చుంది. అంతకు ముందు, 1990లో, మన చర్లపల్లి దగ్గర నక్సలైట్లు రైలుకు నిప్పు పెడితే 40 మందికి పైగా సజీవ దహనమయ్యారు. నిప్పు పెట్టినవాళ్లకూ ఒక సిద్ధాంతం ఉంది, వాళ్లు చెప్పిన అన్యాయాల్లో నిజాలూ ఉన్నాయి. అయినా ఆ బోగీలో కాలిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఎవరైనా అది పోరాటం అనగలిగారా? బోలాన్‌లో చచ్చిపోయినవాళ్ల ఇళ్లూ అలాంటివే.

214 మంది బందీలను చంపేశామని బీఎల్ఏ ప్రకటించింది. ఆధారం ఒక్కటీ చూపలేదు. కానీ ఆ అంకెను మన చానళ్లు స్క్రోలింగ్‌లో పరుగులు పెట్టించాయి, ఎక్కడివో ఎప్పటివో పాత వీడియోలు తిరిగాయి. కశ్మీర్‌లో ఏ తీవ్రవాద ముఠా అయినా ఇలాంటి అంకె చెబితే, దాన్ని యథాతథంగా చదివిన పాకిస్తాన్ యాంకర్‌ను మనం ఏమని పిలుస్తాం? అదే మాట ఇక్కడివాళ్లకూ వర్తిస్తుంది.

ఇక ఇస్లామాబాద్ సంగతి. దాడి జరిగిన వెంటనే వేలు భారత్ వైపు, ఆఫ్ఘనిస్తాన్ వైపు చూపించింది. మన విదేశాంగ శాఖ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఇస్లామాబాద్ అంతటితో ఊరుకోకుండా మార్చి 22 తెల్లవారుజామున క్వెట్టాలో ధర్నా మీద పడి డాక్టర్ మహ్‌రంగ్ బలోచ్‌ను అరెస్టు చేసింది. తండ్రిని ఎవరో ఎత్తుకుపోయి, 2011లో శవంగా దొరికితే, ఆ బాధలోంచి, మాయమైనవాళ్ల కోసం సాగే ఉద్యమంలోకి వచ్చిన మనిషి ఆవిడ. తుపాకీ ముట్టలేదు. శాంతియుత పోరాటమని మొదటినుంచీ చెబుతోంది. రైలు ఆపినవాళ్లు కొండల్లో ఉంటే, ఫొటోలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నవాళ్లు జైలుకు పోయారు. తుపాకీతో తప్ప ఇక్కడ పని కాదని కుర్రాళ్లకు చెప్పడానికి బీఎల్ఏ ఇంతకంటే ఏం కోరుకుంటుంది?

ఈ అరెస్టు వార్త రాగానే మన చానళ్లు ఆవిడకు వీరనారి అని బిరుదు ఇచ్చేశాయి. సంతోషం, ఆ గౌరవానికి ఆవిడ తగినదే. మరి 1990లో కొడుకు మాయమైతే అప్పటినుంచీ అదే ప్రశ్న అడుగుతున్న శ్రీనగర్ తల్లి పర్వీనా అహంగర్‌కు ఆ చానళ్లు ఎన్ని నిమిషాలు ఇచ్చాయి? బలోచ్ తల్లి ఏడిస్తే న్యాయం, కశ్మీర్ తల్లి ఏడిస్తే దేశద్రోహం అనేవాళ్లకు బలోచ్ తల్లి మీదా ప్రేమ లేదు. ఆవిడ కన్నీళ్లు పాకిస్తాన్‌ను తిట్టడానికి పనికొస్తున్నాయి, అంతే.

మహ్‌రంగ్ బలోచ్‌ను పాకిస్తాన్ వెంటనే విడుదల చేయాలి. మాయమైనవాళ్లు ఎక్కడున్నారో వాళ్ల ఇళ్లకు చెప్పాలి. ఇక్కడ, బందీల ప్రాణాల మీద సంగీతం వేసుకుని వ్యూస్ దండుకున్న చానళ్లు ఆ వీడియోలు ఇవాళే తీసేయాలి. తీసేసి, రేపటి బులెటిన్‌లో ప్రేక్షకులకు క్షమాపణ చెప్పండి. అది కూడా చేతకాకపోతే ఉగ్రవాదం మీద మీ డిబేట్లు మాకొద్దు.