ఎరుపంటే గిట్టని గాజుపలకకి, గుంటూరు నుంచి

కెమెరా సెన్సరు ముందు కూర్చుని, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుని ఆపే గాజుపలక, మహారాజశ్రీ ఇన్‌ఫ్రారెడ్ కట్ ఫిల్టరు గారికి, గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కుశలం అన్నది మర్యాదకి రాశాను. తమరు దయచేశాక మా ఇంట్లో అది కరువైంది.

కెమెరా కొన్ననాడు తమరి పేరే నాకు తెలీదు. బెజవాడలో సెకండ్ హ్యాండ్ షాపు కుర్రాడు మెగాపిక్సెళ్ల గురించి అరగంట చెప్పాడు. నెబ్యులాలు, అంటే ఆకాశంలో వెలిగే వాయుమేఘాలు, గెలాక్సీలు తీయాలి బాబూ అంటే, "దీంతో చందమామలో కుందేలు మీసాలు కూడా పడతాయి సార్" అన్నాడు. మా బావమరిదేమో పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనమన్నాడు. వాడి సలహాలన్నీ ఎదుటివాడి జేబు చూసుకునే పుడతాయి. నా దగ్గరున్నది 14,000.

నేనూ గుడ్డిగా దిగలేదు లెండి. లైవ్ వ్యూ, అంటే లెన్సు చూసేది వెనక తెరమీద చూపించే సదుపాయం, లేని పాత కెమెరాలు ముందే పక్కన పెట్టాను. చుక్కని తెరమీద పదిరెట్లు పెద్దది చేసి చూస్తే గానీ ఫోకస్ కుదరదు. వ్యూఫైండర్‌లో అన్నీ చక్కగానే కనపడతాయి, ఇంటికొచ్చి కంప్యూటర్లో వేశాక ఒక్కో చుక్కా పెసరబద్దంత ఉందని తెలుస్తుంది. నికాన్ డి5300 మీద మనసు పడ్డాను, దానికి చీకట్లో నాయిజ్, అంటే ఫొటోలో ఇసక చల్లినట్టు పడే చుక్కలు, తక్కువ. ధర అందలేదు. చివరికి 2011 నాటి క్యానన్ 600డి తెచ్చుకున్నాను. 18 మెగాపిక్సెళ్లు సరే, నేను కొన్నది మాత్రం పక్కకి తెరుచుకుని తిరిగే ఆ తెర కోసం. నడినెత్తి మీదున్న చుక్కకి గురిపెట్టి, ట్రైపాడ్ కింద దూరి తలెత్తి చూస్తే మెడ పట్టేసి మర్నాడు యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లెక్కపెట్టలేం.

లెన్సు 50 ఎంఎం, ఎఫ్/1.8. భూమితో పాటు కెమెరాని తిప్పే ట్రాకర్‌కి డబ్బుల్లేవు. అందుకని ఫొటోలు తీసేవాళ్ల మోటు లెక్క ప్రకారం 500ని 50తోనూ, చిన్న సెన్సరు కాబట్టి 1.6తోనూ భాగించాలి. వచ్చేది ఆరు సెకన్లు. అంతకు మించి షట్టర్ తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. అలా ఆరేసి సెకన్లవి వందలకొద్దీ తీసి ఒకదానిమీదొకటి పేర్చాలి. వంద పేరిస్తే నాయిజ్ పదో వంతుకి దిగుతుంది. డబ్బున్నవాడు ట్రాకర్ కొంటాడు, నేను నిద్ర మానుకున్నాను.

బ్రోడీపేటలో మా డాబా మీద ఎల్ఈడీ లైట్ల దెబ్బకి ఆకాశం మజ్జిగ రంగులో ఉంటుంది. మే నెలలో అయితే ఎక్కడికెళ్లినా దండగే. సెన్సరు ఆరేడు డిగ్రీలు వేడెక్కితే చాలు, వెలుతురు లేకపోయినా అందులో పుట్టే కరెంటు రెట్టింపవుతుంది. అందుకే పుష్యమాసం అమావాస్య దాకా ఆగి, బాపట్ల దాటి సూర్యలంక వెళ్లాను. సముద్రం మీద చేపల పడవల దీపాలు తప్ప ఇంకేమీ లేవు. చలికి వణుకుతూ ముందు కృత్తికలు తీశాను. మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది వాటిని. నీలం పొగతో సహా వచ్చాయి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ పడమట దిగిపోతూ కూడా నిగనిగలాడింది. నా 14,000కి ఇంతకంటే ఏం కావాలని మురిసిపోయాను.

తర్వాత రోసెట్ నెబ్యులా. ఎర్రగులాబీలా ఉంటుందని పేరు. 300 ఫొటోలు, అరగంట వెలుతురు. పేర్చి, కంప్యూటర్లో మసక వెలుతురుని సాగదీసి, తెల్లారేదాకా కూర్చుంటే ఏమొచ్చిందనుకున్నారు? చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక తువ్వాలు మీద మిగిలే ఆవకాయ మరక.

అప్పుడు తెలిసింది తమరి నిర్వాకం. రోసెట్‌లో ఆ ఎరుపంతా హైడ్రోజన్ వెలుతురు, 656.3 నానోమీటర్లది. ఇందులో ఏ ఒక్క కంపెనీ తప్పూ లేదు, మామూలు కెమెరాలన్నిట్లోనూ తమరి వంశమే ఉంది. సెన్సరు ముందు లేత నీలిపచ్చ గాజుపలకలా కూర్చుని, ఆ ఎరుపులో నాలుగు పాళ్లకి మూడు పాళ్లు బయటే ఆపేస్తారట. అయిదు వేల ఏళ్లు నడిచొచ్చిన వెలుతురుని గడప దాకా రానిచ్చి వెనక్కి పంపడం ఏ ఊరి మర్యాద?

ఇక తమరు గిమరు నా వల్ల కాదు.

నేనెవర్ననుకున్నావు? తేజ, బ్యాడిగి, 334 రకాల మిర్చి గుట్టలుగా పోస్తే, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఎక్కడుందో పది అడుగుల దూరం నుంచి చెప్తాను. రంగు వెలిసిన సరుకు చూపించి రేటు అడిగితే రైతునైనా మొహమాటపడను. రోజంతా ఎరుపు చూసీ చూసీ ఇంటికొస్తే, రాత్రికి నువ్వు నాకు పంపేది మొత్తం తాలు!

నువ్వు అడ్డమని కంపెనీలకీ తెలుసు. అందుకే క్యానన్ 2005లో 20డిఎ, 2012లో 60డిఎ, 2019లో ఈఓఎస్ ఆర్ఎ తెచ్చింది, నికాన్ 2015లో డి810ఎ తెచ్చింది. పేరు చివర ఒక 'ఎ' తగిలించి, నీ స్థానంలో కాస్త దయగల అద్దాన్ని పెట్టారు. ఆ హైడ్రోజన్ ఎరుపు, మోడల్‌ని బట్టి, నాలుగింతల దాకా లోపలికొస్తుంది. వాటి ధర నేను పైకి చదివితే మా ఆవిడ బీరువా తాళంచెవి చోటు మారుస్తుంది.

పోనీ నిన్ను పీకేద్దామా అంటే, దారి ఉంది. 600డిలో రెండు అద్దాలు. ముందుది దుమ్ము దులుపుకునేది, దాని జోలికి వెళ్లక్కర్లేదు. వెనకది నువ్వు. అయితే కెమెరా కొనడానికి మా ఆవిడ ఒప్పుకున్నది ఒకే షరతు మీద. ఇంట్లో శుభకార్యాలకి ఇక ఫొటోగ్రాఫర్ ఖర్చు ఉండకూడదు. నువ్వు లేకపోతే మనుషులంతా కారం చల్లినట్టు పడతారు. వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరాలో రంగుల తూకం, సర్దితే చాలావరకు దారికొస్తుందని నచ్చజెప్పబోయాను.

"చాలావరకు ఏంటండీ? చిలకపచ్చ చీర కట్టుకుంటే చిలకపచ్చే రావాలి."

ఇక్కడ నీకో మంచిమాట చెప్పాలి. మొన్న సత్యనారాయణ వ్రతం ఫొటోల్లో ఆవిడ చీర రంగు, మొహం రంగు రెండూ నిక్కచ్చిగా వచ్చాయి. అది నీ పనితనమే. అది చూశాక ఆవిడ కెమెరాని కవర్లో చుట్టి, సిలికా జెల్ పొట్లాలేసి, బియ్యం డబ్బా మీద తన చేత్తోనే పెట్టింది. అంతకుముందు దాని చోటు చెప్పుల స్టాండు.

మా మరదలి కొడుకు అన్నప్రాశన ఈ నెల 22న. అందాకా నీకేం భయం లేదు. మర్నాడు మా ఆవిడ పుట్టింటికి వెళ్తోంది, నాలుగు రోజులు. వాచీలు బాగుచేసే ఆయన దగ్గర సన్న స్క్రూడ్రైవర్లు అడిగి ఉంచాను. ఖాళీ అగ్గిపెట్టె ఒకటి, లోపల దూది పరిచి, సిద్ధంగా పెట్టాను. నిన్ను పారేయను. రేపు ఆవిడ తిరిగొచ్చి అడిగితే చూపించాలి కదా.

ఇట్లు,
రంగు తెలిసిన గుమస్తా,
గుంటూరు