బావంచాలకు కొలత ఏదీ?

బొల్లి మచ్చకు బావంచాలు నూరి రాసి ఎండలో నిలబడమని చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ వైద్యంలో నిజం ఉంది. నిజం ఉంది కాబట్టే దాన్ని చూసి నేను భయపడుతున్నాను.

ఆ గింజల్లోని సోరాలెన్ అనే పదార్థం నీడలో ఉన్నంతసేపు పెద్దగా ఏమీ చేయదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలాయంటే చర్మకణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. మచ్చలో రంగు తిరిగి రావచ్చు, చర్మం కాలి బొబ్బలెక్కవచ్చు. రెండింటికీ మధ్య తేడా మోతాదే. 1940లలో ఈజిప్టులో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు నైలు తీరంలో పెరిగే మరో మొక్క నుంచి తీసిన ఇదే జాతి పదార్థాన్ని బొల్లికి వాడి చూశారు. దాని నుంచే సోరాలెన్‌నూ అతినీలలోహిత కిరణాలనూ కలిపి వాడే 'పువా' చికిత్స పుట్టింది. అందులో మాత్ర మనిషి బరువును బట్టి, వెలుతురు జౌల్స్ అనే శక్తి కొలత లెక్కన ఇస్తారు, కళ్లకు నల్లద్దాలు పెడతారు. ఇంత జాగ్రత్తగా చేసినా ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లలో చర్మ క్యాన్సర్ ముప్పు పెరిగింది. అందుకే ఇప్పుడు ఎక్కువమందికి సోరాలెన్ లేకుండా, 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కిరణాలతోనే చికిత్స చేస్తున్నారు. మరి కొట్లో కట్టిచ్చే పొట్లానికి కొలత ఏదీ? ఏ గింజలో ఎంత సోరాలెన్ ఉందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

తాతల నాటి నుంచి వాడుతున్నాం, ఏమైంది అంటారు. నిజమే, తెలిసిన వైద్యుడు గింజను శుద్ధి చేసి, రోగిని కళ్లముందు పెట్టుకుని వాడేవాడు. ఇప్పుడు వీడియో చూసి వాడుతున్నారు.

తెల్లబరిచే క్రీముల సంగతీ ఇంతే. 'హెర్బల్' అని రాసే ఆర్బుటిన్ అంటే, చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్ అనే రసాయనానికి గ్లూకోజ్ తగిలించిన పదార్థమే. మొక్కలో పుట్టినంత మాత్రాన రసాయనం కాకుండా పోదు.

అసలు ఇంత తొందర ఎందుకు? పెళ్లిచూపుల లోపు మచ్చ పోవాలన్న టెన్షన్. బొల్లి అంటుకోదు. మన రోగనిరోధక వ్యవస్థే రంగు కణాలను చంపడం వల్ల వస్తుంది. దానికి 'తెల్ల కుష్టు' అని పేరుపెట్టి, కుష్టుతో ఏ సంబంధమూ లేని పిల్లను పెళ్లికి పనికిరాదన్నాం. బొల్లిని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడల మీద, ఫోన్లలో అవే ప్రకటనలు. ముఖం మీద మచ్చకు తొందరగా చికిత్స మొదలుపెడితే రంగు వచ్చే అవకాశం బాగానే ఉంటుంది, వేళ్ల చివర్లకు, పెదవులకు కష్టం. ఆ ప్రకటనల్లో ఒక్కటీ ఈ మాట చెప్పదు.