సైడ్‌కార్ తండ్రి ఎవరో తేల్చడానికి విచారణ సంఘం వేయాలి

సైడ్‌కార్ అనే కాక్‌టెయిల్‌లో ఉండేవి కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీ, నారింజ లిక్యూర్ అనే తీపి మద్యం, నిమ్మరసం. మూడే మూడు సరుకులు. వీటిని మొదట కలిపిన మహానుభావుడెవరో తేలక వందేళ్లు దాటిపోయింది. నదీజలాల వాటా తేలకపోయినా దానికి ట్రిబ్యునల్ అంటూ ఒకటుంది. సైడ్‌కార్ కాక్‌టెయిల్‌కు ఆపాటి గతి కూడా లేకపోవడం నాగరిక సమాజం సిగ్గుపడాల్సిన విషయం.

ఫైలు తెరుద్దాం. 1922లో ఈ పానీయం ఇద్దరు బార్‌టెండర్ల పుస్తకాల్లో అచ్చయింది. ఒకటి హ్యారీ మెకెల్హోన్‌ది, రెండోది రాబర్ట్ వెర్మైర్‌ది. ఇద్దరూ వేలు చూపించింది లండన్ బక్స్ క్లబ్బులో బార్‌మన్ మెక్‌గ్యారీ వైపే. కేసు అక్కడితో మూసేయొచ్చు. కానీ మెకెల్హోన్ తర్వాత్తర్వాత మనసు మార్చుకుని, బిడ్డ తనదేనన్నాడు. పారిస్‌లో ఆయన పేరు మోస్తున్న బార్ కూడా పుట్టిల్లు తానేనంటుంది. ఆ బార్‌ను ఆయన కొన్నది 1923లో. అంటే బారసాల అయిన ఏడాదికి పురిటిగది రిజిస్ట్రేషన్ జరిగిందన్నమాట.

1948లో డేవిడ్ ఎంబరీ తన కాక్‌టెయిల్ పుస్తకంలో మూడో తండ్రిని ప్రవేశపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పారిస్‌లో తన స్నేహితుడైన ఒక కెప్టెన్ దీన్ని కనిపెట్టాడట. ఆయన్ను మోటార్‌సైకిల్ సైడ్‌కార్‌లో బార్‌కు తీసుకొచ్చి, మళ్లీ తీసుకెళ్లేవారట. ఎంబరీ వృత్తిరీత్యా వకీలు. అయినా సాక్షి పేరు చెప్పలేదు. బండి నడిపినవాడి వాంగ్మూలం అసలే లేదు.

వీళ్లందరికీ తాత ఒకడున్నాడని మాత్రం ఎవరూ ఎత్తరు. 1850ల్లో న్యూ ఆర్లియన్స్‌లో జోసెఫ్ శాంటినీ పేరు మీద నడిచిన బ్రాందీ క్రస్టా అనే కాక్‌టెయిల్‌లో బ్రాందీ, కురసావో అనే నారింజ లిక్యూర్, నిమ్మరసం, గ్లాసు అంచుకు పంచదార అన్నీ ఉన్నాయి. అమెరికన్ బార్‌టెండర్ జెర్రీ థామస్ 1862 పుస్తకంలో తయారీ కూడా ఉంది. తాత ఆస్తిలోంచి బిటర్స్ అనే చేదు చుక్కలు తీసేసి, నిమ్మరసం పెంచి, కొత్త పేరు పెట్టుకున్నారు.

మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అన్నారు. ఇక్కడ తండ్రులు ఎక్కువై కొలతలు పల్చనయ్యాయి. 1922లో మూడూ సమపాళ్లు. తాగితే ముందు నారింజ తీపి, తర్వాత నిమ్మ పులుపు తగులుతాయి, కోన్యాక్‌ను వెతుక్కోవాలి. 1930లో లండన్ సవాయ్ హోటల్ బార్‌మన్ హ్యారీ క్రాడక్ కోన్యాక్ రెండు, మిగతావి ఒక్కొక్కటి అన్నాడు. ఎంబరీ గారేమో కోన్యాక్ ఎనిమిది, నిమ్మరసం రెండు, నారింజ ఒకటి అని తీర్పిచ్చాడు. 60 మిల్లీలీటర్ల పెగ్గుకు 15 నిమ్మ, ఏడున్నర నారింజ. ఇది వకీళ్లు ఒకరినొకరు శిక్షించుకోవడానికి పనికొస్తుంది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క కోన్యాక్ 50, నారింజ 20, నిమ్మ 20 మిల్లీలీటర్లు. అందులో నారింజను 22కు పెంచితే ఇంకా కుదురుతుందని నా అభిప్రాయం. అభ్యంతరాలు విచారణ సంఘం ముందు చెప్పుకోవచ్చు.

అసలు నేరాలు షేకర్‌లో జరుగుతాయి. నారింజ లిక్యూర్‌లో ఆల్కహాల్ 40 శాతం ఉండాలి, క్వాంట్రో బ్రాండులో ఉన్నట్టు. ట్రిపుల్ సెక్ పేరుతో వచ్చే చవక నారింజ లిక్యూర్లలో చాలావాటికి 15 నుంచి 25 శాతమే, పైగా పాకం. అది పోస్తే దగ్గుమందు తయారవుతుంది. నిమ్మరసం అప్పటికప్పుడు పిండాలి. సీసా రసంలో ఉడికిన వాసన దాగదు. ఇక్కడ పాశ్చాత్యులు లెమన్ అనేది పసుపుపచ్చని పెద్దకాయ. మన నిమ్మకాయ తొక్క వాసన ఘాటు, నారింజను మింగేస్తుంది. అదే దొరికితే 15తో మొదలుపెట్టి రుచి చూసుకోండి.

ఐసు ఫ్రీజర్‌లోంచి తీసిన గట్టి గడ్డలై ఉండాలి. బకెట్లో గంట నానిన తడి ఐసు చల్లబరిచే లోపే నీళ్లు వదులుతుంది. షేకర్ నింపి 12 నుంచి 15 సెకన్లు గట్టిగా ఊపితే 90 మిల్లీలీటర్లు 115 దాకా అవుతాయి. ఆ నీళ్లు కావాలి. భయపడి అయిదు సెకన్లకే ఆపితే గొంతు మండుతుంది. ముందే చల్లబెట్టిన గ్లాసులోకి సన్నజల్లెడతో వడకట్టాలి. పంచదార అంచుకు బయటివైపే, అదీ సగం చుట్టుకే అద్దాలి. లోపలివైపు అంటితే రాలి పడి కొలతంతా తీపైపోతుంది.

మన ఊళ్లలో విస్కీ కావాలన్నా బీరు కావాలన్నా వెళ్లేది బ్రాందీ షాపుకే. దుకాణానికే పేరిచ్చిన గౌరవం మరే ద్రవానికీ దక్కలేదు. సీసాలో ఉండేది మాత్రం చాలావరకు మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్, రంగు, ఎసెన్సు. కోన్యాక్ అయితే తెల్లద్రాక్ష సారా. రాగి బట్టీలో రెండుసార్లు దించి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచాలి. మన బ్రాందీతోనే చేసేవాళ్లు నారింజను 15కు దించండి. తీపి అందులోనే ఉంటుంది. కోన్యాక్‌తో చేసేవాళ్లకు నాలుగేళ్లు నిలవున్న వీఎస్ఓపీ రకం చాలు. అంతకన్నా పాతదైన ఎక్స్‌ఓ రకం పోసేవాడిని సంఘం ప్రత్యేకంగా పిలిపించాలి.

సంఘం విధివిధానాలు ఇవి. వాదించేవారంతా కాగితాలు కాదు, తలా ఒక గ్లాసు దాఖలు చేయాలి. వాయిదాలుండవు. పది నిమిషాల్లో సాక్ష్యం వేడెక్కిపోతుంది.