సన్మానం బడిలోనే చేద్దాం

డిసెంబరు వస్తే విదేశాల్లోని మన తెలుగు సంఘాలవాళ్లు హైదరాబాద్‌లో దిగుతారు. రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో ఓ సాయంత్రం సభ పెట్టి ఒక తెలుగు టీచరుకు శాలువా కప్పి, జ్ఞాపిక ఇస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ వక్తలు ఎక్కువై, సన్మానం అందుకున్న మేడమ్‌కి చివర్లో రెండు నిమిషాలే మిగులుతాయి. ఆమె పని ఏమిటో ఎవరికీ తెలియకుండానే సభ ముగుస్తుంది. ఆమెను రోజూ చూసే తోటి టీచర్లు అక్కడ ఉండరు. ఇది మారాలి. ఈ సన్మానం ఆమె పాఠం చెప్పే బడిలోనే, ఆమెకు తోడుగా నిలిచినవాళ్ల మధ్యే జరగాలి.

ఆ పని ఎలాంటిదో కొంచెం చూద్దాం. తెలంగాణ 2018లో చట్టం చేసి, అన్ని బడుల్లోనూ ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. 2018–19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలైంది. దాంతో ఇంట్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాట్లాడే పిల్లలంతా ఒకే గదిలో కూర్చున్నారు. వాళ్లలో ఒకరికి కథ రాయడం నేర్పాలి, పక్కనున్నవారికి ‘అ’ దిద్దించాలి.

హిందీ నుంచి వచ్చిన పిల్లలకు మొదటి చిక్కు ఎ–ఏ, ఒ–ఓ. హిందీలో ఆ పొట్టి అచ్చులకు వేరే అక్షరాలు లేవు. అందుకే నెల–నేల, మెడ–మేడ, కొన–కోన వాళ్ల చెవికి ఒకటే. రాయించే ముందు ఈ జంటలను వినిపించి, ఏది పొట్టిదో చేత్తో చూపించమనాలి. చెవికి తెలియనిది చేతికి రాదు.

రెండో చిక్కు కొమ్ములు. ప, ఫ, వ అక్షరాలకు కొమ్ము కింది నుంచి వస్తుంది. ‘వ’ పక్కన పెడితే ‘మ’ అయిపోతుంది. ఆ కారణం చెప్పిన టీచరు దగ్గర పిల్లలు మళ్లీ తప్పు రాయడం తక్కువ. ఒట్టి గుణింతం వల్లెవేయించిన చోట ఏడాదంతా ‘వు’కి బదులు ‘మ’ దిద్దాల్సి వస్తుంది.

అన్నిటికన్నా గడ్డు ఒత్తులు. ‘చెప్పు’లో కొమ్ము పైనున్న ‘ప’కు తగులుతుంది, పలికేది మాత్రం రెండు పకారాలూ అయ్యాక. హిందీ రాసే నాగరి లిపిలో సగం అక్షరం ముందు వచ్చి, ఉకార మాత్ర తర్వాతి నిండు అక్షరానికి తగులుతుంది. ఆ అలవాటున్న పిల్లవాడు ‘చెపుప’ అని చదువుతాడు. తెలిసిన టీచరు ముందు తలకట్టు విడిచి అలాగే కిందికి దిగే ఒత్తులు చెబుతారు: అక్క, ముగ్గు, పువ్వు. తర్వాతే రూపం మారేవి: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఇవి కుదిరాకే పద్మ, రాత్రి లాంటి సంయుక్తాలు. ఈ వరస తప్పించి మొదటి వారమే ‘స్త్రీ’ రాయిస్తే పిల్లలు చిత్రం గీసినట్టు గీస్తారు, చదవలేరు. ఊరు కూడా పాఠమే. ఆర్టీసీ బస్సు బోర్డు మీద ‘ఉప్పల్’లో ద్విత్వమూ పొల్లూ ఉన్నాయి, ‘నాంపల్లి’లో సున్నా, ల్ల ఉన్నాయి.

ఇక నోటు పుస్తకాలు. 5 సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అనుకుంటే 200 పుస్తకాలు. ఒక్కోదానికి 3 నిమిషాలన్నా 10 గంటలు. పేజీ అంతా ఎర్ర సిరాతో దిద్దితే పిల్లలు చదవకుండా చూసి రాసేస్తారు. వారానికి ఒక రకం తప్పునే పట్టుకోవడం మేలు. అంచున ఒత్తు తప్పుకు ‘ఒ’, దీర్ఘం తప్పుకు ‘దీ’ అని గుర్తు పెట్టి, సరిచేసే పని పిల్లలకే వదలాలి. వారానికి 50 పుస్తకాలు మాత్రం వంతులవారీగా పూర్తిగా చూడాలి.

తోటి టీచర్ల విలువ తెలిసేది ఇక్కడే. సెలవు పెట్టినవాళ్ల క్లాసుకు తెలుగు మేడమ్‌నే పంపడం చాలా బడుల్లో ఆనవాయితీ. ఆ 40 నిమిషాల సబ్‌స్టిట్యూషన్‌ను ఇంకొకరు తీసుకుంటే ఆమెకు 13 పుస్తకాలు తెములుతాయి. పరీక్షల ముందు లెక్కల సార్ తెలుగు పీరియడ్ అడగకపోవడం అంతకన్నా పెద్ద సాయం. వారానికి ఉన్నవే నాలుగు పీరియడ్లయితే రెండు పోవడమంటే సగం తెలుగు పోవడం. టైంటేబుల్ వేసేవారు ఆ నాలుగింటినీ రెండు రోజుల్లో కుక్కకుండా నాలుగు రోజులకు పంచాలి. ఒత్తులు రోజూ కంటపడితేనే నిలుస్తాయి. నాగరి బాగా చదవగలిగి, ఆ అలవాటుతోనే ఒత్తుల దగ్గర తడబడే పిల్లలెవరో చెప్పగలిగేది హిందీ టీచరే.

ఆగస్టు 29న గిడుగు జయంతి, సెప్టెంబరు 5న టీచర్స్ డే, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి. ఈ రెండు వారాల్లో స్క్రిప్టు, బ్యానరు, యాంకరింగు అన్నీ తెలుగు టీచరు నెత్తిన పడతాయి. ఆ వెంటనే బతుకమ్మ. ఆ పనులు పంచుకునే స్టాఫ్‌రూమ్ ఉన్నచోటే మంచి టీచరు పదేళ్ల తర్వాత కూడా మంచి టీచరుగా ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మన సంఘాలు ఇలా చేయవచ్చు. హెడ్మాస్టరు అనుమతి నెల ముందే తీసుకుని, డిసెంబరు మొదటి రెండు వారాల్లో ఒక పూట ఎంచుకోండి. తర్వాత క్రిస్మస్, సంక్రాంతి సెలవులు అడ్డొస్తాయి. ప్రార్థన సమయంలో 20 నిమిషాలు చాలు. సన్మానపత్రం తోటి టీచర్లే రాయాలి, వాళ్లలో ఒకరే చదవాలి. పన్నెండు పదిహేను పంక్తుల్లో ‘సరస్వతీ పుత్రిక’ లాంటి బిరుదులు వద్దు. ఏ సెక్షన్‌లో ఎవరికి చదవడం వచ్చిందో, ఎలా వచ్చిందో రాయాలి. ఆమె పీరియడ్లు కాపాడినవారిని కూడా పేరుపేరునా పిలిచి పక్కన నిలబెట్టాలి.

హాలు అద్దె, జ్ఞాపిక డబ్బు పుస్తకాలకు మళ్లించండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరిగేది సాధారణంగా ఆ నెలలోనే. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వాళ్ల దగ్గర పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. 40 మంది ఉంటే 40 వేర్వేరు పుస్తకాలు, 16 నుంచి 24 పేజీలవి, పెద్ద అక్షరాలవి తీసుకోండి. లావుపాటి నీతికథల సంపుటాలు బీరువాలోనే ఉండిపోతాయి. ఆరో తరగతిలో అక్షరాలు మొదలుపెట్టినవాళ్లకు చిట్టి పాపల బొమ్మల కథలు ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. ఆ వయసుకు తగిన విషయం, సులువైన వాక్యం కావాలి. ఎంపిక మేడమ్‌కే వదిలేయండి, బిల్లు మనం కడదాం. రిజిస్టరు పిల్లలు రాస్తారు, పుస్తకాల బీరువా తాళంచెవి తరగతిలోనే ఉంటుంది.