కొత్త పేరు చెప్పని లిలియస్ అడీ

స్కాట్లండ్‌లో మంత్రగత్తెలంటూ ఆడవాళ్లను చంపిన సంగతి ఎత్తితే చాలు, ‘అప్పటి జనానికి చదువుల్లేవు, మూఢనమ్మకాలు’ అని తేల్చిపారేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చేతబడికి మరణశిక్ష అని 1563లో చట్టం చేసింది పార్లమెంటు. అనుమానం వచ్చిన ఆడవాళ్లను పిలిపించి నిలదీసింది బాగా చదువుకున్న పాస్టర్లు, చర్చి పెద్దలు. ఆగ్నెస్ శాంప్సన్ అనే మంత్రసానిని సాక్షాత్తూ రాజు, ఆరో జేమ్సే కూర్చుని విచారించాడు. 1736లో ఆ చట్టం రద్దయ్యేలోపు దాదాపు 3,800 మంది మీద ఈ నింద పడింది. నూటికి ఎనభైమందికి పైగా ఆడవాళ్లే. ఇదంతా పల్లెటూరి అమాయకుల మీదికి నెట్టేస్తే ఎలా?

లిలియస్ అడీ కథ చూడండి. 1704, ఫైఫ్ ప్రాంతంలోని టోరీబర్న్. తన జబ్బుకు కారణం లిలియసేనని ఊళ్లో ఒకామె అంది. అంతే, ఆ ముసలావిడను జైల్లో పెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు. నేరం ఒప్పుకుంటే వాళ్లకు సరిపోదు, ఇంకెవరెవరున్నారో పేర్లు కావాలి. ఒక పేరు దొరికితే ఆమెను పట్టుకొచ్చి మరికొన్ని రాబట్టవచ్చు. ఈ కేసులు ఊళ్లకు ఊళ్లు పాకింది అలాగే. సైతానును కలిశానని లిలియస్ ఒప్పుకుంది. మరి ఆ కూటాల్లో ఎవరున్నారు? పెద్దింటి ఆడవాళ్లలా మొహాలకు ముసుగులు వేసుకున్నారు, గుర్తుపట్టలేదంది. అప్పటికే అందరికీ తెలిసిన పేర్లు తప్ప కొత్తది ఒక్కటీ ఆమె నోట రాలేదు. పేర్లు చెప్పనంతకాలం తనను వదలరని తెలియదా ఆవిడకు? పాస్టర్లూ పెద్దమనుషులూ చుట్టూ చేరినా తోటి ఆడవాళ్లను కాపాడిన మనిషి ఈమె. నా దృష్టిలో ఇంతకు మించిన ధైర్యం లేదు.

కేసు కోర్టుకెక్కకముందే జైల్లోనే చనిపోయింది. మళ్లీ లేచొస్తుందన్న భయంతో, ఆటుపోట్లు తగిలే ఒడ్డున పూడ్చి పైన పెద్ద రాతిపలక పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ గోతినీ తవ్వారు, పుర్రె పట్టుకుపోయారు. అది చేతులు మారి మారి చివరికి కనిపించకుండా పోయింది. మిగిలిన ఫొటోల ఆధారంగా 2017లో డండీ యూనివర్సిటీలో ఆమె ముఖాన్ని పునర్నిర్మించారు. ఏ ఇంటి అరుగు మీదైనా కనిపించే మామూలు ముసలమ్మ ముఖం.

2022 మార్చి 8న అప్పటి స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ (ప్రభుత్వాధినేత) నికోలా స్టర్జన్, ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు, సంతోషం. శిక్షపడినవాళ్లకు చట్టపరంగా క్షమాభిక్ష ఇవ్వాలనీ అడుగుతున్నారు. లిలియస్‌కు అసలు శిక్షే పడలేదు కాబట్టి ఆ కాగితం ఆమెదాకా రాదు. అందుకే, ఆమె ఎముకలు ఎవరి దగ్గరున్నా తిరిగివ్వాలి. టోరీబర్న్‌లోనే సమాధి కట్టి, ఆమె పేరు కింద ఆ ముసుగుల జవాబు చెక్కించాలి.