శుభలేఖా, పెన్‌డ్రైవూ, బావమరిదీ

శనివారం సాయంత్రం బావగారి లాప్‌టాప్ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. రాత్రి భోజనాల వేళకీ తిరుగుతూనే ఉన్నాయి. పుష్కరం కిందట కొన్న సరుకు, 4 జీబీ ర్యామ్. మామూలు రోజుల్లో అయితే మూతేసి అటక మీద పెట్టేవారే. కానీ కూతురి శుభలేఖ మేటరు సోమవారం పొద్దున ప్రెస్సుకి చేరాలి. సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు.

"మీరు కంగారు పడకండి బావా. ఒక పెన్‌డ్రైవ్ ఇలా పడేయండి. విండోస్ జోలికే పోకుండా అందులోంచి లినక్స్ నడిపేస్తా."

ఇందులో అబద్ధమేమీ లేదు. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపే ఇంకో సిస్టం. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా మొత్తం సిస్టం నడపడం 2000లోనే నాపిక్స్ అనే లినక్స్ సీడీ మీద చేసి చూపించింది. లినక్స్‌లో డిస్ట్రోలనే రకాలు బోలెడు కాబట్టి, చిక్కల్లా "ఏ లినక్స్?" అనే దగ్గర వచ్చింది. పెళ్లికొడుకుని వెతకడానికి కూడా ఆ ఇంట్లో అన్ని సంబంధాలు చూడలేదు.

మొదట కాలీ అన్నాడు. తెర మీద డ్రాగన్ బొమ్మ బావుందట. నెట్‌వర్కుల్లో కన్నాలు ఎక్కడున్నాయో వెతికేవాళ్ల కోసం కట్టిన డిస్ట్రో అది. శుభలేఖకి కాలీ అంటే గోడకి మేకు కొట్టడానికి పొక్లెయిన్ పిలిచినట్టు. తర్వాత టెయిల్స్ అన్నాడు, "సెక్యూరిటీ ముఖ్యం బావా" అంటూ. టెయిల్స్ నెట్ వ్యవహారమంతా టార్ అనే, ఆచూకీ దాచే నెట్‌వర్క్ మీదుగా దేశాలు తిప్పి పంపుతుంది, ఆపగానే చేసిందంతా మర్చిపోతుంది. మర్చిపోవడమే దాని ఉద్యోగం.

"మావయ్యా, నాన్న తెలుగులో నాలుగు లైన్లు టైప్ చేసుకోవాలి. గూఢచారి పని కాదు" అంది పెళ్లికూతురు.

మూడోది పప్పీ. నిజానికి ఆ ముసలి లాప్‌టాప్‌కి అతికినట్టు సరిపోయే సంబంధం అదే. కొన్ని వందల ఎంబీలే కాబట్టి మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, ఆపేటప్పుడు పని దాచుకోవాలా అని అడుగుతుంది. ఒకటే లోటు. ఇలాంటి చిన్న డిస్ట్రోల్లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలు తెచ్చి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేస్తే ఆ డబ్బాలూ పోతాయి. కానీ బావగారు పడనివ్వలేదు.

"శుభమా అని పెళ్లి పనులు కుక్కపిల్లతో మొదలెడతావుటోయ్?"

అలా పప్పీ పేరు వల్ల పోయింది, ఉబుంటు పేరు విన్నందువల్ల గెలిచింది. దాదాపు 6 జీబీ ఐఎస్‌వో (సిస్టం మొత్తం మూటకట్టిన ఒకే ఫైలు) దిగేసరికి అక్కయ్య మూడోసారి కాఫీ పెట్టింది.

బావమరిది ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టబోయాడు. అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, అందుకని "ఫైలు మరీ పెద్దది" అంది. ఒకవేళ పట్టినా ఉపయోగం లేదు. బియ్యం బస్తా పొయ్యి మీద పెడితే అన్నం అవ్వదు కదా, ఐఎస్‌వో కూడా అంతే. దాన్ని రూఫస్ లాంటి పనిముట్టుతో విప్పి, బూట్ అయ్యేలా, అంటే కంప్యూటర్ దాన్నుంచే లేచేలా, రాయాలి. పిల్ల ఆఫీసు లాప్‌టాప్‌లో రూఫస్ తెరిచాడు. అందులో "పర్సిస్టెంట్ పార్టిషన్ సైజు" అని ఒక స్లైడర్ ఉంటుంది, మామూలుగా సున్నా దగ్గర నిలబడి. దాన్ని కదపకుండానే స్టార్ట్ నొక్కాడు. ఆ సున్నా గుర్తుపెట్టుకోండి.

"ముందిక్కడే టెస్ట్ చేద్దాం" అని ఆ ఆఫీసు లాప్‌టాప్‌నే రీస్టార్ట్ చేసి, బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లోకి) దూరి, నమ్మకమైన సిస్టంలనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ అనే కాపలాని తీసేశాడు. అవసరమే లేదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటివి సెక్యూర్ బూట్ ఉండగానే లేస్తాయి. తీసేసిన ఫలితం పెన్‌డ్రైవ్ పీకి విండోస్‌లోకి వెళ్దామంటే తెలిసింది. నీలం తెర మీద, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి.

పెళ్లికూతురు మొహం చూసి అక్కయ్య పెన్‌డ్రైవ్ లాక్కోబోయింది. బతికించిన సంగతేమిటంటే, సెక్యూర్ బూట్‌ని మళ్లీ ఆన్ చేస్తే, కీ అడగకుండానే విండోస్ లేచింది. మామూలుగా లేస్తుంది కూడా, మారిన సెట్టింగ్ యథాస్థితికి వచ్చిందని బిట్‌లాకర్ చూసుకుంటుంది కాబట్టి. అయినా సొంతది కాని లాప్‌టాప్ బయోస్‌లో చెయ్యి పెట్టడమేమిటి?

ఇక బావగారి లాప్‌టాప్. పవర్ నొక్కి ఎఫ్12 కొట్టడం, మిస్సవడం, మళ్లీ మొదలు. బూట్ మెనూ కీ కంపెనీని బట్టి మారుతుంది: డెల్‌కి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి చాలావాటిలో ఎస్కేప్. ఏసర్‌లో అయితే ఎఫ్12 మెనూని ముందు బయోస్‌లో ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. బావగారిది హెచ్‌పీ. పదకొండు ప్రయత్నాలకి ఆ విషయం తేలింది.

ఉబుంటు లేచింది. "ఇన్‌స్టాల్" కాదు, "ట్రై" నొక్కాలి. ఇన్‌స్టాల్‌లోకి వెళ్లి డిస్క్ చెరిపేయమంటే బావగారి పాతికేళ్ల ఫొటోలు గంగలో కలుస్తాయి. అదృష్టవశాత్తూ అక్కడ బావమరిది చెయ్యి జారలేదు. బావగారు తెలుగు కీబోర్డు పెట్టించుకుని, పురోహితుడు రాసిచ్చిన కాగితం చూస్తూ, లిబ్రె ఆఫీస్‌లో ముహూర్తం, నక్షత్రం, విందు, "బంధుమిత్ర సపరివారంగా" దాకా ఒక్కో అక్షరం వెతికి కొట్టారు. రాత్రి పదకొండున్నరకి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, తృప్తిగా పడుకున్నారు.

ఆదివారం పొద్దున తెరిస్తే డాక్యుమెంట్స్ ఖాళీ. కీబోర్డు మళ్లీ ఇంగ్లీషు.

"ఏవిట్రా ఇది?" అంది అక్కయ్య.

ఇదీ ఆ సున్నా మహిమ. పర్సిస్టెన్స్ (చేసిన పని పెన్‌డ్రైవ్‌లోనే దాచుకునే ఏర్పాటు) లేని లైవ్ సిస్టంలో మీరు రాసినదంతా ర్యామ్‌లో ఉంటుంది. ఫోల్డర్ కనిపిస్తుంది, సేవ్ అయిందని చెబుతుంది, కరెంటు తీయగానే పలక తుడిచినట్టు పోతుంది. టెయిల్స్ వద్దనుకున్నారుగానీ, ఆ రాత్రి ఉబుంటు కూడా టెయిల్స్ పనే చేసింది. ఎంఎక్స్ అనే ఇంకో లినక్స్ అయితే ఈ గొడవకి ముందే ఏర్పాటు చేసుకుంది. దాని సొంత లైవ్ యూఎస్‌బీ మేకర్‌తో పెన్‌డ్రైవ్ చేసి, బూట్ మెనూలో పర్సిస్టెన్స్ ఎంచుకుంటే, ఆపే ముందు దాచాలా వద్దా అని అడిగేలా పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్ కాపురానికి దాన్నే ముందు చూడమనేది. కానీ బావమరిది పంతం ఉబుంటు మీదే.

మళ్లీ రూఫస్, ఈసారి స్లైడర్ 6 జీబీకి. లేవగానే "అప్‌డేట్లున్నాయి" అంటే అన్నీ ఎక్కించేశాడు. ఇక చూసుకోండి. మౌస్ బాణం కదుల్తుంది, వెనకాల ఏమీ కదలదు. చౌక పెన్‌డ్రైవ్‌లు పెద్ద సినిమాని ఒక్క ఊపులో రాయగలవుగానీ, సిస్టంకి కావలసింది వేలకొద్దీ చిన్న చిన్న రాతలు, అక్కడ చతికిలబడతాయి. పైగా నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఖాళీగా ఉండగా దాన్ని నల్లదాంట్లో గుచ్చాడు. అంత కష్టపడి ఎక్కించిన కొత్త కెర్నెల్ (సిస్టం గుండెకాయ) కూడా వృథాయే. ఇలాంటి పెన్‌డ్రైవ్ బూట్ అయ్యేది మొదట రాసిన పాత కెర్నెల్‌తోనే. కొత్తది చోటు తింటూ పక్కన కూర్చుంటుంది.

అయినా బావగారు భగీరథుడిలా మధ్యాహ్నానికి మేటరంతా మళ్లీ కొట్టారు. వధువు పేరు, వరుడి పేరు, ఇటు తాతగారు, అటు తాతగారు. సేవ్ చేద్దామని మౌస్ పట్టుకునేలోపు కారు డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు.

"సార్, పాటల పెన్‌డ్రైవ్ ఇదేనా?" అంటూ పీకేశాడు.

తెర అలాగే ఉంది. అక్షరాలూ ఉన్నాయి. సేవ్ నొక్కితే మాత్రం దేనికీ ఉలుకూ పలుకూ లేదు, కాళ్ల కింద నేల తీసేశాక నిలబడ్డ మనిషిలా. మళ్లీ గుచ్చినా లాభం లేదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. మొత్తం ర్యామ్‌లోకి ఎక్కించే "టు ర్యామ్" ఆప్షన్ ఉందిగానీ, 4 జీబీ ర్యామ్‌లో ఈ ఉబుంటు పట్టదు. పట్టే పప్పీని పేరు బాలేదని పంపేశారు.

సోమవారం పొద్దున బావగారు ఉత్త చేతులతో ప్రెస్సుకి వెళ్లి, జేబులోంచి కాఫీ మరకల కాగితం తీసి, తల దించుకుని సంగతి చెప్పారు. కుర్రాడు కాగితం వంక చూశాడు.

"ఇది ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోయేది సార్. మీరు ఎందులో కొట్టి తెచ్చినా మేం మళ్లీ మా అను సాఫ్ట్‌వేర్‌లో కొట్టుకోవాల్సిందేగా?"