ఆ క్రౌన్ పినియన్ ఫార్వర్డ్‌కు ఇదీ నా జవాబు

మళ్ళీ వచ్చింది. ఈసారి డల్లాస్ నుంచి ఒకాయన పంపారు. అరగంట తిరక్కుండానే న్యూజెర్సీ నుంచి ఇంకొకాయన. "హాట్ రాడ్ రియర్ డిఫరెన్షియల్ ఇంట్లోనే కట్టుకోండి: షాపులవాళ్ళు దాచే 9 రహస్యాలు" అని పైన, కింద తొమ్మిది పాయింట్లు, చివర్లో రెండు దండాలు, ఒక మంట బొమ్మ. హాట్ రాడ్ అంటే ఎక్కువ పవర్ కోసం మార్చి కట్టుకున్న పాత కారు. డిఫరెన్షియల్ అంటే వెనక యాక్సిల్ మధ్యలో, ఇంజిన్ తిప్పుడును చక్రాలకు మళ్ళించే గేర్ల పెట్టె. అందులో ఇంజిన్ వైపు నుంచి వచ్చే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్. పంపేవాళ్ళు ఏమీ తెలియనివాళ్ళు కారు, ఇంజిన్లు విప్పి బిగించినవాళ్ళే. అందుకే నాకు ఇంత చిరాకు. కార్బ్యురేటర్ గురించి ఎవరైనా ఇలా రాస్తే నవ్వి వదిలేస్తారు. యాక్సిల్ అనేసరికి మాత్రం ఎవరేం రాసినా భక్తిగా చదివి, భక్తిగా పంపేస్తున్నారు.

తొమ్మిదింటికీ జవాబు ఇస్తాను. వరసగా మాత్రం కాదు. నాలుగు, ఐదు పాయింట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

మొదటిది, "ఏ హాట్ రాడ్‌కైనా ఫోర్డ్ 9-ఇంచే పెట్టాలి." 1957లో వచ్చి, 1986 దాకా ఫోర్డ్ బండ్లలో నడిచిన యాక్సిల్ అది. గట్టిది. పినియన్‌కు మూడో బేరింగ్ ఉంది. మధ్య ముక్క మొత్తం ముందుకు ఊడి బల్ల మీదికొస్తుంది, బండి కింద పడుకుని నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. నాకూ ఇష్టమే. కాకపోతే పినియన్ బాగా కిందికి ఉండటం వల్ల పళ్ళ మధ్య రాపిడి ఎక్కువ, కొంత పవర్ అక్కడే పోతుంది. ఫ్లాట్‌హెడ్ వీ8తో ఆదివారం షికారుకెళ్ళే 1932 రోడ్‌స్టర్‌కు ఇది తప్పదనడం అతి. అయినా దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, వదిలేద్దాం.

రెండోది, "రేషియో ఎంత పెద్దదైతే అంత మంచిది, 4.56 వేయండి." రేషియో అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి పినియన్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె. టైరు ఎత్తు 28 అంగుళాలు, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పే పై గేరు) లేదు అనుకుని లెక్కేయండి. గంటకు 70 మైళ్ళ వేగంలో ఇంజిన్ 3,800 ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది. అదే 3.00 వేస్తే 2,520. హ్యూస్టన్ నుంచి ఆస్టిన్ వరకు 4.56తో వెళ్ళొచ్చాక ఈ పాయింటు ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మూడోది, "బేరింగ్ క్యాపులు ఎటువైపువి అటే పెట్టాలని లేదు." ఉంది. బేరింగులను పట్టి ఉంచే ఆ క్యాపులు బిగించి, రెండూ కలిపి బోరు కొట్టిన (రంధ్రం తొలిచిన) హౌసింగ్, అంటే గేర్లుండే కేసు, అది. విప్పే ముందు పంచ్‌తో గుర్తు పెట్టుకోండి. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఐదో పాయింటు: "బ్యాక్‌లాష్ 10 థౌ వచ్చిందంటే సెట్టింగ్ అయిపోయినట్టే. రంగు పూసి ముద్ర చూడటం టైమ్ వేస్ట్, షాపులవాళ్ళ షో." బ్యాక్‌లాష్ అంటే రెండు గేర్ల పళ్ళ మధ్య ఉండే చిన్న ఆట, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రంగు అంటే పళ్ళు ఎక్కడ తగులుతున్నాయో ముద్ర పడేలా పూసే పసుపు రంగు. ఎత్తు ఒక్కటే కొలుచుకుని చొక్కా కుట్టే దర్జీ దగ్గరికి మీరు వెళ్తారా?

10 థౌ తప్పు అంకె కాదు. చాలా గేర్ సెట్లకు 8 నుంచి 12 థౌ లోపలే చెబుతారు, కొన్నిటికి ఇంకాస్త తక్కువ. గొడవ ఎక్కడంటే, పినియన్ ఎక్కడ కూర్చున్నా ఆ 10 థౌ తెప్పించవచ్చు. పినియన్ ఉండాల్సినదానికంటే 20 థౌ లోతుగా ఉందనుకుందాం. క్రౌన్‌ను కాస్త పక్కకు జరిపితే చాలు, డయల్ గేజ్ (ఆ ఆటను కొలిచే పరికరం) ముల్లు 10 దగ్గరికి వచ్చి నిలబడుతుంది. పినియన్ 20 థౌ వెనక్కి ఉందనుకోండి, క్రౌన్‌ను ఇటు జరపండి, మళ్ళీ అదే 10. గేజ్‌కు రెండూ ఒకటే, పళ్ళకు కాదు. మొదటిదాంట్లో పన్ను మొదలు దగ్గర ఒరుసుకుంటుంది, రెండోదాంట్లో కొస మీద బరువు పడుతుంది. అక్కడ జరిగేది ఒరుసుకుంటూ తిరగడమే కాబట్టి, బరువు పన్ను మధ్యలో పరుచుకోకపోతే ఆయిల్ పొర నిలవదు. ముందు కూత, తర్వాత పళ్ళ మీద గుంతలు, ఆ తర్వాత ఆయిల్‌లో మెరుపు పొడి.

తెలియాల్సినవి రెండు: పినియన్ లోతు, క్రౌన్ దూరం. గేజ్ చూపించేది ఒక్క అంకె. మిగతాది చెప్పేది ఆ పసుపు రంగే. అందుకే అది షో కాదు.

ఆ ముద్ర ఎలా తీయాలో కూడా చెప్పేస్తాను, ఫార్వర్డ్‌లో ఎలాగూ లేదు. పళ్ళ మీద నూనె లేకుండా తుడవండి. క్రౌన్ మీద నాలుగైదు పళ్ళకు రెండువైపులా రంగు పలచగా పూయండి. పినియన్ తిప్పుతున్నప్పుడు క్రౌన్‌ను గుడ్డతోనో చెక్కతోనో గట్టిగా ఆపి పట్టాలి. ఉత్తినే తిప్పితే ముద్ర సరిగా పడదు, పడినా నమ్మలేం. ముందుకు, వెనక్కి రెండువైపులా తిప్పండి. ముద్ర పన్ను మొదలుకు దిగితే పినియన్ మరీ లోతు. కొసకు ఎక్కితే మరీ వెనక్కి. లోతు సరిగానే ఉండి ముద్ర పన్ను లోపలి చివరికో బయటి చివరికో జరిగితే అప్పుడు క్రౌన్ సంగతి చూసుకోవాలి. పినియన్ తల మీద చెక్కిన అంకె ఉంటే డెప్త్ గేజ్‌తో అక్కడి నుంచి మొదలుపెట్టండి. కానీ చివరి మాట ముద్రదే.

బ్యాక్‌లాష్ కూడా ఒకచోట చూసి సరిపెట్టుకోకూడదు. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్లయినా కొలవండి. ఒకచోట 8, ఎదురుగా 14 వచ్చిందంటే క్రౌన్ వంకరగా కూర్చుంది. కింద ఎక్కడో చిన్న బర్ర్ (పొడుచుకొచ్చిన లోహపు ముక్క) ఉండి ఉంటుంది, లేదా బోల్టులు వరస తప్పి బిగించారు. అన్నట్టు, జీఎం 12-బోల్ట్ యాక్సిల్ విప్పేవాళ్ళు, చాలావాటిలో క్రౌన్ బోల్టులకు లెఫ్ట్ థ్రెడ్ (ఎడమకు తిప్పితే బిగుస్తాయి) అని గుర్తుంచుకోండి. పైపు తగిలించి ఇంకా బిగిస్తూ "తుప్పు పట్టింది" అనుకునేవాళ్ళు తక్కువేం కాదు.

దీనికి తోడు నాలుగో పాయింటు: "షిమ్ పెంచితే పినియన్ లోపలికి, తగ్గిస్తే బయటికి. అన్ని యాక్సిళ్ళకూ ఇదే సూత్రం." షిమ్ అంటే పినియన్ స్థానం సరిచేయడానికి పెట్టే పలచటి రింగు. ఫార్వర్డ్ మొత్తంలో ఎక్కువ డబ్బు తగలేసే వాక్యం ఇదే. జీఎం 12-బోల్ట్‌లో, ఫోర్డ్ 8.8లో షిమ్ పినియన్ తలకూ లోపలి బేరింగ్‌కూ మధ్య ఉంటుంది, అక్కడ ఈ సూత్రం నిజమే. కానీ మొదటి పాయింటులో నెత్తిన పెట్టుకున్న 9-ఇంచ్ ఉంది చూశారూ, దాంట్లో షిమ్ పినియన్ సపోర్ట్‌కూ (పినియన్‌ను పట్టి ఉంచే ముక్క) కేసుకూ మధ్య ఉంటుంది. పెంచితే పినియన్ క్రౌన్ నుంచి దూరం జరుగుతుంది. పూర్తిగా తలకిందులు!

అంటే అందరూ 9-ఇంచే కొనండి అని మొదట చెప్పి, అదే 9-ఇంచ్‌కు పనికిరాని సూత్రం నాలుగో పాయింటులో ఇచ్చారు. ఇది నమ్మినవాడు ముద్ర కొస మీద చూసి లోతు పెంచాలనుకుంటాడు, 5 థౌ షిమ్ వేస్తాడు. ముద్ర ఇంకా పైకి పోతుంది. ఇంకో 5 వేస్తాడు. ఆ ముద్ర కూడా చూడొద్దని ఐదో పాయింటు చెప్పేసింది కాబట్టి, బహుశా అదీ వేయడు. 10 థౌ వచ్చింది కదా అని బిగించేసి మంట బొమ్మ పెట్టేస్తాడు.

ఆరోది: "పినియన్ ప్రీలోడ్ 20 ఫుట్ పౌండ్లు. ఎక్కువైతే నట్ కాస్త వెనక్కి విప్పండి." ప్రీలోడ్ అంటే బేరింగులను ముందుగానే బిగించి ఉంచే బిగుతు; పినియన్ తిప్పడానికి ఎంత బలం కావాలో దాన్ని బట్టి చూస్తారు. బాబూ, ఫుట్ పౌండ్లు కాదు, ఇంచ్ పౌండ్లు. 20 ఫుట్ పౌండ్లంటే 240 ఇంచ్ పౌండ్లు. కొత్త బేరింగులకు యాక్సిల్‌ను బట్టి 15 నుంచి 30 ఇంచ్ పౌండ్ల మధ్య అడుగుతారు, వాడిన బేరింగులకు దాదాపు సగం. అదీ క్రౌన్ లేకుండా, పినియన్ తిరుగుతున్నప్పుడు చూడాల్సిన అంకె. కదలడం మొదలుపెట్టేటప్పుడు ముల్లు ఎగిరే చోటు కాదు. పన్నెండు రెట్లు బిగించిన బేరింగ్ మొదటి ప్రయాణంలోనే నీలంగా మారుతుంది.

ఇక "వెనక్కి విప్పడం." క్రష్ స్లీవ్ (నట్ బిగిస్తే నలిగి ప్రీలోడ్ ఇచ్చే గొట్టం) ఒకసారి నలిగితే నలిగినట్టే, మళ్ళీ సాగదు. నట్ వదులు చేస్తే ప్రీలోడ్ పోతుంది, బిగింపూ పోతుంది, పినియన్ ముందుకూ వెనక్కూ ఆడటం మొదలవుతుంది. దాటిపోయిందా, విప్పి కొత్త స్లీవ్ వేయాల్సిందే. ఆ టెన్షన్ వద్దనుకుంటే సాలిడ్ స్పేసర్ (నలగని గొట్టం), షిమ్ములు పెట్టుకోండి. గట్టిగా తోలే బండికి అదే నయం.

ఇక్కడ ఒకరు తప్పకుండా అంటారు: "విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు చేత్తో తిప్పి చెప్పేస్తారు కదండీ, టార్క్ రెంచ్ ఎందుకు?" నిజమే, చెప్పేస్తారు. ఏళ్ళ తరబడి అవే లారీ హౌసింగులు కట్టిన చేతులవి. మీరు కట్టబోతున్నది మొదటిది. రెంచ్ కొనుక్కోండి.

ఏడోది, "జీఎల్-4 ఆయిల్ మంచిది, ఇత్తడిని తినదు." డిఫరెన్షియల్‌లో ఇత్తడి సింక్రోలు (గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులు) ఎక్కడున్నాయి స్వామీ? హైపాయిడ్ పళ్ళకు (క్రౌన్ మధ్యకు కిందగా పినియన్ కూర్చునే ఈ రకం గేర్లు) జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే జారి తిరక్కుండా ఆపే డిఫరెన్షియల్) అయితే దానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ (ఆయిల్‌లో కలిపే మందు) కూడా. ట్రూట్రాక్ లాంటి గేర్ రకానికి అది అక్కర్లేదు.

ఎనిమిదోది: "కొత్తలో కూత మామూలే, వెయ్యి మైళ్ళకు దానంతటదే పోతుంది." పోదు. సెట్టింగ్ తప్పడం వల్ల వచ్చిన కూత మైళ్ళతో పోదు, పళ్ళు ఆ తప్పుడు చోటే అరిగి దానికే అలవాటు పడతాయి. తర్వాత సరైన షిమ్ వేసినా నిశ్శబ్దం రాదు. అప్పుడు క్రౌన్ పినియన్ సెట్టే మార్చాలి. కాలు నొక్కినప్పుడు మాత్రమే వస్తోందా, వదిలినప్పుడు మాత్రమే వస్తోందా, రెండిట్లోనూ వస్తోందా అన్నది మొదటి రోజే గమనించి, మొదటి వారంలోనే విప్పితే గేర్లు దక్కవచ్చు. ఫార్వర్డ్ మాట విని ఆగితే దక్కవు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. కూత మామూలే అన్నది ఒక యాక్సిల్ విషయంలో అక్షరాలా నిజం. పాతకాలపు హాలిబ్రాండ్ తరహా క్విక్ ఛేంజ్ (వెనక మూత తీసి రేషియో చప్పున మార్చుకునే యాక్సిల్) ఉంటే, వెనక మూతలో ఉండే రెండు నేరుపళ్ళ గేర్లు పాడుతూనే ఉంటాయి. అది లోపం కాదు, దాని గుణం. ఆ పాట కోసమే డబ్బు పోసి క్విక్ ఛేంజ్ పెట్టించుకునేవాళ్ళున్నారు. నాకు దొరికినా పెట్టించుకుంటాను. ఫార్వర్డ్ రాసినాయన ఎక్కడో ఆ మాట విని 9-ఇంచ్‌కు అంటగట్టి ఉంటే మాత్రం ఆయన మీద కోపం సగం తగ్గుతుంది.

మిగతా సగం తొమ్మిదో పాయింటు కోసం ఉంచాను: "బిగించగానే రెండు బర్నౌట్లు కొడితే గేర్లు సెట్ అవుతాయి." అవుతాయి, తుక్కు డబ్బాలో. (బర్నౌట్ అంటే వెనక చక్రాలు నిలబడ్డ చోటే గిరగిరా తిప్పి పొగ లేపడం.) కొత్త పళ్ళు మొదట్లో విపరీతంగా వేడెక్కుతాయి. పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా తోలండి, పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా కొన్నిసార్లు చేయండి. 500 మైళ్ళ దగ్గర ఆయిల్ మార్చండి. అప్పటిదాకా ట్రైలర్ లాగొద్దు, సిగ్నల్ దగ్గర ఎవరికీ ఏదీ నిరూపించొద్దు.

"అయితే షాపుకే ఇవ్వమంటారా?" అని డల్లాస్ ఆయన అడిగారు. అలా అనలేదు. డయల్ గేజ్, ఇంచ్ పౌండ్ రెంచ్, ప్రెస్, ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. లేదంటే షాపుకివ్వండి. ఇచ్చినా మూడు అడిగి తీసుకోండి: రెండువైపుల ముద్రకూ ఫోటో, నాలుగు చోట్ల బ్యాక్‌లాష్ అంకెలు, పినియన్ ప్రీలోడ్ ఎన్ని ఇంచ్ పౌండ్లో. ఇవి అడిగితే మొహం చిట్లించే షాపు నుంచి యాక్సిల్ వెనక్కి తెచ్చేసుకోండి.